నిలువు కోత

ఆ ఆఫీసులో సినిమాలు తియ్యరు, కోస్తారు. ఎవరెవరో ఎక్కడెక్కడో తిండీ నిద్రా మానుకుని తీసిన పొట్టి సినిమాలు వారానికి నలభై దాకా వస్తాయి. అన్నీ అడ్డంగా తీసినవే. జనం ఫోను పట్టుకునేది నిలువుగా. ఆ అడ్డాన్ని నిలువు చెయ్యడం, చేసినదాన్ని పిండి పిండి చిన్నది చెయ్యడం, నాసిరకం ఫోనులో కూడా ఆగకుండా ఆడేటట్టు చూడటం వాళ్ళ పని. అడ్డం తెరలో మూడో వంతు కూడా నిలువు తెరలో పట్టదు. తక్కిన రెండు వంతులూ ఏమైపోతాయని ఇంతవరకూ ఏ ప్రేక్షకుడూ అడిగిన పాపాన పోలేదు.

కోతలో ఆమెది అందెవేసిన చెయ్యి. అందుకే ఆఫీసులో అందరికీ ఆమె కత్తెరక్క. మేనేజరుకు కూడా ఒక పేరుంది, అతని ఎదురుగా అనరు గానీ. ఏ సినిమా అయినా నలభై ఎంబీ దాటకూడదన్నది అతని శాసనం. తల్లి చచ్చిపోయిన సీనైనా సరే నలభైలోనే ఏడవాలంటాడు. దాంతో నలభై ఎంబీ సారు అయ్యాడు. కోతకు కూడా అతను పెట్టిన సూత్రం ఒకటే. మాట్లాడేవాడు తెర మీద ఉంటాడు, మాట్లాడనివాడు పోతాడు.

మంగళవారం పొద్దున ఆమె ముందుకు వచ్చిన సినిమాలో మాట్లాడనివాడు ఆమె మొగుడు.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఆ బస్సు కండక్టరుకు సినిమా పిచ్చి. డిపోలో అతన్ని డైరెక్టరనే పిలుస్తారు, సగం ముద్దుగా, సగం వెటకారంగా. అతనే రాసి అతనే తీసిన పదకొండు నిమిషాల సినిమా ఇది. భోజనాల బల్లకు కుడివైపు కొడుకు, ఎడమవైపు తండ్రి. కొడుకు పదకొండు నిమిషాలూ తండ్రిని కడిగేస్తాడు. తండ్రి ఒక్క మాటా అనడు. మాట్లాడకుండా కూర్చోవడం మా అన్నకు వచ్చినట్టు లోకంలో ఇంకెవరికీ రాదని డైరెక్టరు ఈయన్ని లాక్కెళ్ళి కూర్చోబెట్టాడు. తీరా చూస్తే అది ఒక ఫోను యాప్ వాళ్ళ పోటీలో నెగ్గింది. శనివారం మధ్యాహ్నం రెండింటికి అందరి ఫోన్లలోకీ వస్తుంది.

మొదటి కోత మెషినే కోస్తుంది. పెదవులు కదిలే ముఖాన్ని పట్టుకుని దాని వెంటే పోతుంది. ఆమె మీట నొక్కి టీ తాగి వచ్చేసరికి పని అయిపోయింది. కొడుకు తెర నిండా ఉన్నాడు. తండ్రి వంతుకు ఒక మోచెయ్యి మిగిలింది.

కోసినదాన్ని ఎప్పటిలాగే తన పాత ఫోనులో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళింది. మామూలు ఇంట్లో, మామూలు వెలుతురులో ఎలా కనబడుతుందో చూడటం కూడా పనిలో భాగమే. అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని మరీ ముందు కూర్చుంది. మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళకూ తన కొడుకు సినిమాలో వేశాడని ఆవిడ అప్పటికే చాటేసింది. నాలుగు నిమిషాలు ఓపిక పట్టింది.

"వీడేడమ్మాయ్?"

"ఆ పక్కన మోచెయ్యి ఉంది చూడండి, అది ఆయనదే అత్తయ్యా."

"నేను కన్నది మోచేతినటే?"

అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన డ్రైవరు గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్నాడు. ప్యాంటు జేబులో చెయ్యి పెట్టుకుని వచ్చి, తల్లి భుజం మీదుగా ఒక్క క్షణం తెర చూశాడు. "కోసెయ్యి. నేను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. కుర్రాడు బాగా చేశాడు, వాణ్ణే ఉంచు" అని లోపలికి పోయాడు.

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. ఇరవై రెండేళ్ళుగా ఊరు ఊరంతా ఆయన వీపును తప్ప ముఖాన్ని చూడలేదు. దిగేవాళ్ళు వెనక తలుపులోంచి దిగిపోతారు. ఈ పదకొండు నిమిషాలైనా జనం ఆయన ముఖం చూడాలని ఆమెకు పట్టుదల వచ్చింది. వద్దంటున్నది ఆయన మొహమాటం అనుకుంది. కూరలో ముక్క తక్కువైతే నాకు వద్దనే మనిషి, బస్సు కోసం ముసలాడు పరుగెత్తుకొస్తుంటే సిగ్నలు పోగొట్టుకునే మనిషి, ఇంకేమంటాడు? మొగుడి మంచితనం మీద నమ్మకం మరీ ఎక్కువైతే ఇలాంటి తిప్పలే వస్తాయి.

బుధవారం మెషిను కోతను చెరిపేసి చేత్తో మొదలుపెట్టింది. అడ్డం బొమ్మ మీద సన్నటి నిలువు చట్రం ఒకటి ఉంటుంది. దాన్ని ఎక్కడ పెడితే అంతే సినిమా. ఒక చోట పెట్టి గుర్తు వెయ్యాలి, కొంత ముందుకు పోయి చట్రాన్ని కాస్త జరిపి మళ్ళీ గుర్తు వెయ్యాలి. జరిపినట్టు చూసేవాడికి తెలియకూడదు. కొడుకు అరుపు అందుకునే ముందే చట్రాన్ని మెల్లగా ఎడమకు తెచ్చి తండ్రి దగ్గర ఆపింది. అరుపు తెర బయటినుంచి వస్తోంది, తెర మీద తండ్రి వింటున్నాడు. నలభై ఒక్క గుర్తులు పడేసరికి మధ్యాహ్నమైంది. మొదటినుంచీ ఒకసారి చూసుకుంది. అంతకుముందు అది ఒక కుర్రాడి రంకెల సినిమా. ఇప్పుడు అది ఆ తండ్రి సినిమా. మొగుడు కాబట్టి అలా అనిపిస్తోందేమోనని ఇంకోసారి చూసింది, మళ్ళీ అలాగే అనిపించింది.

తరువాతది పిండే పని. ఉన్న నలభై ఎంబీని సినిమా పొడుగునా పంచాలి. కదలని గోడకు చిటికెడు చాలు, పరుగెత్తే మనిషికి దోసెడు కావాలి. ఎంతెంత ఎక్కడ పోతోందో తెర కింద ఒక గీత చూపిస్తుంది. కదలకుండా కూర్చున్న మనిషి దగ్గర ఆ గీత పడుకోవాలి. తండ్రి వచ్చిన ప్రతిచోటా అది లేచి కూర్చుంది.

బొమ్మ మీద ఇసక చల్లినట్టు గరుకు ఉందేమో, ఆ గరుకునే మెషిను కదలిక అనుకుంటోందేమోనని బొమ్మను నాలుగింతలు చేసింది. గోడ శుభ్రంగా ఉంది. చొక్కా శుభ్రంగా ఉంది. బల్ల మీద పెట్టిన కుడిచెయ్యి మాత్రం వణుకుతోంది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి కనబడని గింజనేదో నలుపుతున్నాయి. అడ్డం తెరలో ఒక మూలకు పడి ఉన్నప్పుడు అది ఎవరి కంటికీ ఆనలేదు, ఆమెకూ ఆనలేదు.

ఆమె చూపు తెర మీదినుంచి కదలలేదు. కొడుకు తిడుతుంటే నోరు మెదపని తండ్రి, కోపమంతా వేళ్ళలోకి దించుకుంటున్నాడు. ఇంత నటన ఈయన ఎక్కడ దాచుకున్నాడని పొంగిపోయింది. ఆ ఉత్సాహంలో కొడుకు వెనకాల ఉన్న గిన్నెల అలమరనుంచి, కిటికీ తెరనుంచి, ఆఖరికి కొడుకు జుట్టునుంచి కూడా కాస్త కాస్త లాగేసి ఆ చేతికి పోసింది. గరుకు తీసే మీటను అక్కడ కట్టేసింది, వేళ్ళ కదలికను కూడా గరుకు కింద తుడిచేస్తుందేమోనని. ఒక్కొక్క గోరు విడివిడిగా కనబడేటట్టు తెచ్చింది. మొత్తం ముప్పై తొమ్మిదిన్నర దగ్గర ఆగింది.

మేనేజరు మొదటి నిమిషంలోనే పెదవి విరిచాడు. నోరు మూసుకున్న ముఖాన్ని చూస్తూ ఏ మానవుడూ కూర్చోడనీ, మూడు సెకన్లలో వేలితో తోసేసి పిల్లుల వీడియోకు పోతాడనీ అన్నాడు. ఆ ఆఫీసులో ఏనాడూ గొంతు పెంచని మనిషి ఆమె పెంచింది. తీసినవాణ్ణి పిలిపించి చూపించండి, అతను వద్దంటే నేనే కోసేస్తాను అంది.

డైరెక్టరు టికెట్ల మెషిను మెడలో వేలాడేసుకునే వచ్చాడు. నిలబడే చూశాడు. సగంలో కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు. అయ్యాక చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. "నా సినిమా నాకే ఇప్పుడు కనబడింది వదినా. ఆ చెయ్యి నేను చెప్పింది కాదు. అన్న సొంతం" అన్నాడు. మేనేజరు సరేనన్నాడు. గురువారం పొద్దున్నే సినిమా యాప్ వాళ్ళకు వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వెలుగుండగానే ఆమె ఇల్లు చేరింది. అత్తగారు ఈసారి మోచేతినుంచి ముఖానికి ప్రమోషన్ వచ్చిందని మురిసి, మెట్ల కిందివాళ్ళకు చెప్పిరావడానికి పోయింది. డ్రైవరు ఫోను ఎడమచేత్తో పట్టుకుని చూశాడు. ఆ చెయ్యి తెర నిండా వచ్చిన చోట ఆపేశాడు. లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. ఆమె వెనకే వెళ్ళింది, మెచ్చుకోవడానికి మాటలు కూడబలుక్కుంటూ.

"అది నటన కాదు" అన్నాడాయన.

ఎనిమిది నెలలుగా ఉందట. ఊరి ఆ చివరన ఎవరో డాక్టరు చూసి ఒక పేరు చెప్పాడట. ఆ పేరు ఇంట్లో అనదలుచుకోలేదు. చెయ్యి ఖాళీగా ఉంటేనే వణుకు, ఏదైనా పట్టుకుంటే ఉండదు. స్టీరింగు పట్టుకుంటే అసలే ఉండదు. డిపోలో తెలిసిందంటే ఆ రోజే బండి దింపేస్తారు, దింపినవాణ్ణి మళ్ళీ ఎక్కించిన చరిత్ర ఆ డిపోకు లేదు. అందుకే సినిమా తీసేరోజు కెమెరాకు దూరంగా మూల కుర్చీ అడిగి కూర్చున్నాడు. ఆ చివర తనను ఎవరు చూస్తారులే అనుకున్నాడు.

"బండిలో జనం ఉంటారు కదండీ" అంది ఆమె. ఆ మాట అనకుండా ఉంటే బాగుండునని అంటూనే అనుకుంది.

ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మేకు దిగినట్టు ఉంది ఆ పట్టు, వెంట్రుకవాసి కదలిక లేదు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. వదిలేశాక, వదిలేసిన చెయ్యి గాల్లోనే గింజ నలపడం మొదలుపెట్టింది.

"కోసెయ్యమని చెప్పాను కదా" అన్నాడు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఎనిమిది నెలలు ఒకే పక్కలో పడుకుని చూడనిది, తెర మీద నాలుగింతలు చేసుకుని చూసింది. చూసి కూడా చప్పట్లు కొట్టింది. మెషినుకు తెలిసింది కదలిక అని. కత్తెరక్కకు కళ అని తోచింది.

శుక్రవారం అందరికంటే ముందు ఆఫీసుకు పోయింది. ఫైలులో తప్పుంటే సాయంత్రం అయిదింటి దాకా మార్చి పంపడానికి వీలుంది. మేనేజరు రాగానే, మీరన్నదే నిజం సార్, మాట్లాడేవాడే ఉండాలి, పాత కోతే పంపుదాం అంది. అతను ఆమెను ఎగాదిగా చూశాడు. నిన్నగాక మొన్న తన మీదికి అంతెత్తున లేచిన మనిషి ఈవిడేనా అని అతని అనుమానం. "కుదరదక్కా. యాప్ వాళ్ళకు తెగ నచ్చేసింది. బయట అట్ట బొమ్మగా కూడా ఆ చేతినే పెడుతున్నారు" అని తన ఫోను తిప్పి చూపించాడు. కింద సినిమా పేరు చిన్నగా ఉంది, పైన చెయ్యి పెద్దగా ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలు అనుకుంది.

అసలు కారణం చెబితే అతను ఆపినా ఆపుతాడు. కానీ చెప్పడమంటే చాటడమే. అతనికి చెబితే సాయంత్రానికి డైరెక్టరుకు తెలుస్తుంది, డైరెక్టరుకు తెలిస్తే డిపోకు తెలుస్తుంది. ఇక ఆమెకు చేతనైన పని ఒకటే మిగిలింది. పద్నాలుగేళ్ళ వృత్తిలో ఎన్నడూ చెయ్యని చెత్తపని కూర్చుని శ్రద్ధగా చేసింది. బుధవారం చేతికి పోసినదంతా వెనక్కి తోడేసి గోడకు పోసింది. గరుకు తీసే మీటను వేళ్ళ మీద నిండా తిప్పింది. వేళ్ళు ఒకదానిలోకి ఒకటి కరిగి, చెయ్యి ఒక గోధుమరంగు ముద్దయింది, ముద్ద మీద గళ్ళు గళ్ళు పడ్డాయి. అది వణుకుతోందో లేదో దేవుడు కూడా చెప్పలేడు. ధ్వనిలో చిన్న లోపం సరిచేశానని రాసి మూడింటికి చెకింగుకు పెట్టింది.

చెకింగు చేసే అమ్మాయి మంచి పిల్ల. కత్తెరక్క అంటే ప్రాణం పెడుతుంది. అయిదు కావడానికి పది నిమిషాలుందనగా పరుగున వచ్చింది. "కొంప మునిగేది అక్కా. ఈ ఫైల్లో చెయ్యంతా గళ్ళు పడిపోయింది. సార్‌కు చెబితే మీకు మాట వస్తుందని చెప్పలేదు. మీ బుధవారం బొమ్మే తీసుకుని, కొత్త ధ్వని దానికి అతికించి పంపేశాను. వేళ్ళ దగ్గర ఇంకాస్త కూడా వేశాను" అంది. అని, ఆమె చల్లబడ్డ టీ కప్పు తీసి పక్కన పెట్టి, మొగుడి సినిమా కదా కంగారు ఉంటుందిలే అని భుజం నిమిరింది. ఆమె ఆ పిల్లకు థాంక్స్ చెప్పింది.

శనివారం డిపోకు రావద్దని ఆయన అన్నాడు. అయినా వెళ్ళింది. ఒకటిన్నరకు డ్రైవర్ల విశ్రాంతి గది కిటకిటలాడుతోంది. పొడుగాటి బల్ల మీద టీ గ్లాసులు, బిస్కెట్లు. డైరెక్టరు ఇస్త్రీ చొక్కాలో పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. డిపో మేనేజరు కూడా వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. నెమ్మదైన పెద్దమనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అని ఎరగడు. డ్రైవరుకు మూడింటి బండి ఉంది, యూనిఫారంలోనే ఉన్నాడు, కుడిచేత్తో ఒక గ్లాసు గట్టిగా పట్టుకుని.

రెండు కాగానే ఎవరి ఫోను వాళ్ళు తెరిచారు. ఒక ఫోనుకూ ఇంకో ఫోనుకూ అరసెకను తేడా. కొడుకు వేసిన ఒక్క కేక ఇరవై చోట్లనుంచి ఇరవైసార్లు వచ్చింది. జనం నవ్వారు. చెయ్యి వచ్చినప్పుడు నవ్వు ఆగింది. అయిపోయాక గది దద్దరిల్లింది. ఒకడు ఆయన్ని పైకెత్తబోయాడు. ఇన్నాళ్ళూ మా మధ్యే ఉండి ఎంత దొంగవేషం వేశావు అన్నాడు ఇంకొకడు. ఆ చెయ్యి మళ్ళీ ఒకసారి చేసి చూపించాలని అందరూ పట్టుబట్టారు. ఆయన బండికి టైమవుతోందన్నాడు, వినలేదు. డైరెక్టరు కుర్చీ లాగి కూర్చోబెట్టి, ఆయన చేతిలోని గ్లాసు తీసుకుని, బల్ల మీద ఉన్న సామానంతా పక్కకు జరిపేశాడు, అందరికీ బాగా కనబడాలని.

డ్రైవరు ఒక్కసారి భార్యవైపు చూశాడు. తరువాత చెయ్యి బల్ల మీద పెట్టాడు. ఆయన చెయ్యడానికేముంది? దాచడం మానేశాడు, అంతే.

ఈలలు పడ్డాయి. చప్పట్లు మోగాయి. ఆమె చుట్టూ చూసింది. వీళ్ళంతా నటనే అనుకుంటున్నారు. రేపు టీ గ్లాసు కింద పెట్టాక వణికినా, ఎల్లుండి సంతకం పెట్టి కలం వదిలాక వణికినా, మావాడు మళ్ళీ మొదలుపెట్టాడని నవ్వుకుంటారు. తాను చేసిన ఘనకార్యమే ఆయనకు అడ్డుగోడ అయినట్టుంది. రెండు రోజుల తరువాత ఆమెకు నవ్వు వచ్చింది, అందరితో పాటు తానూ చప్పట్లు కొట్టింది.

డైరెక్టరు చెయ్యెత్తి అందరినీ ఆపాడు. మిత్రుడి గొప్ప చూపించడంలో అతనికి ఇంకా తనివి తీరలేదు.

"నటుడంటే అదీ. కావాలన్నప్పుడు మొదలుపెడతాడు, వద్దన్నప్పుడు ఆపుతాడు. చూడండి. అన్నా, ఇప్పుడు ఆపు."

డ్రైవరు తన చేతివైపు చూసుకున్నాడు. పట్టుకో, బల్ల అంచు పట్టుకో అని ఆమె లోలోపల అరిచింది. ఆయన వేళ్ళు ముడిచాడు. పిడికిలి వణికింది. ఎడమచెయ్యి వచ్చి దాని మీద పడబోయింది. "రెండో చెయ్యి సాయం ఒప్పుకోం అన్నా" అని డైరెక్టరు నవ్వుతూ దాన్ని పక్కకు తీసేశాడు. ఇరవైమంది ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. చూసేకొద్దీ అది ఎక్కువైంది. మణికట్టు దాటింది, మోచేతి దాకా పాకింది, బల్ల చెక్క సన్నగా చప్పుడు చేసింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో వాణ్ణి ఊరుకోమన్నారు. డైరెక్టరు ముఖంలోని నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే ఉండిపోయింది.

ఆమె చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. చప్పట్లు మోగుతున్నంతసేపూ ఆట నడుస్తున్నట్టే, ఆయన ఆపక్కర్లేదు. పక్కవాళ్ళు కూడా అందుకుంటారనుకుంది. ఎవరూ అందుకోలేదు. ఇంకా గట్టిగా కొట్టింది. అరచేతులు మండుతున్నా కొట్టింది. ఒక్కొక్కరూ బల్లవైపునుంచి తలలు తిప్పి ఆమెను చూశారు, ఆమె ముఖం చూశాక ఎక్కడ చూడాలో తెలియక ఫోన్లలోకి చూసుకున్నారు. డ్రైవరు మాత్రం చేతినే చూస్తున్నాడు.

డిపో మేనేజరు బెంచీ మీదినుంచి లేచాడు. పక్కనున్న గుమాస్తాతో, మూడింటి బండికి ఎవరు ఖాళీగా ఉన్నారో చూడమని మెల్లగా చెప్పాడు. వచ్చి ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, మీరైనా ఆపండి" అన్నాడు.